"మనిషే మారిపోయాడు" అని ఎప్పుడంటాం?

ఇరవై ఏళ్ల తర్వాత కనిపించిన క్లాస్‌మేట్‌కి బట్టతల వచ్చినా, పొట్ట పెరిగినా "నువ్వేం మారలేదురా" అంటాం. అదే, పెద్ద మనసున్నవాడు పైసా దగ్గర కక్కుర్తి పడుతుంటే "మనిషే మారిపోయాడు" అంటాం.

మనిషంటే జ్ఞాపకాలేనని 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ వాదించాడు. నిన్నటి పని చేసింది నేనేనని గుర్తుంటేనే నిన్నటి నేనూ ఇవాళ్టి నేనూ ఒకరమట. వినడానికి బాగానే ఉంది. కానీ కెనడాకు చెందిన కెంట్ కాక్రేన్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది.

1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో అతని మెదడు తీవ్రంగా దెబ్బతింది. తన జీవితంలో జరిగిన ఒక్క సంఘటన కూడా గుర్తుకు వచ్చేది కాదు, కొత్తవీ నిలిచేవి కావు. చదరంగం ఆడటం వచ్చేది, ఎప్పుడు ఎవరితో ఆడాడో తెలిసేది కాదు. నీ స్వభావం ఎలాంటిదని ఎండెల్ టల్వింగ్ అనే శాస్త్రవేత్త అతన్ని అడిగాడు. కొడుకు గురించి తల్లినీ విడిగా అడిగాడు. ఇద్దరి జవాబులూ చాలావరకు కలిశాయి! పైగా కాక్రేన్ చెప్పింది ప్రమాదానికి ముందున్న తన గురించి కాదు, ఆ తర్వాత మారిన తన గురించే. అంటే "నేనిలాంటివాణ్ని" అనే ఎరుక, సంఘటనల జ్ఞాపకం లేకపోయినా మెదడులో విడిగా నిలుస్తుందన్నమాట.

మరి పక్కవాళ్ల సంగతి? నీనా స్ట్రోమింగర్, షాన్ నికోల్స్ 2015లో ప్రచురించిన పరిశోధనలో, మెదడు, నరాల జబ్బులున్నవారి కుటుంబ సభ్యులను 248 మందిని అడిగారు. అల్జీమర్స్‌లో మతిమరుపు ముదిరినా, అందువల్ల "మా మనిషి కాదు" అనిపించలేదట. అలా ఎక్కువగా అనిపించింది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో. దాంట్లో జాలి, మొహమాటం, మంచీచెడూ అనే పట్టింపు సన్నగిల్లుతాయి. కండరాలు చచ్చుబడే ఏఎల్‌ఎస్‌లో అలా అనిపించడం అన్నిటికంటే తక్కువ.

నాకు ఇక్కడ ఒక వెలితి కనిపిస్తుంది. వాళ్లు అడిగింది ఇంటివాళ్లను, రోగిని కాదు.

1848లో అమెరికాలో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికిన ఫినియాస్ గేజ్‌ను "వీడు మన గేజ్ కాడు" అని స్నేహితులు తేల్చేశారు. ఆ మాట పుస్తకాలకెక్కింది. ఆ తర్వాత అతను చిలీ వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రబ్బండి తోలి బతికాడన్నది మాత్రం చాలామందికి తెలియదు.