తాతయ్య రక్త పరీక్ష కాగితం

ప్రియమైన పిల్లలకు,

"జబ్బు ఊపిరితిత్తులకైతే గుండెకు పరీక్ష ఎందుకు అమ్మమ్మా?" అని తాతయ్య కాగితం చూసి అడిగారు కదా. ఆ హడావుడిలో సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

గుండెలో కుడివైపు గది రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపోటులో పై అంకె 120 దాకా ఉంటుంది. ఊపిరితిత్తుల ధమనిలో మాత్రం సగటు ఒత్తిడి 14 దగ్గరే. అంత తేలిక పని కాబట్టే కుడి గది గోడ పల్చగా ఉంటుంది.

గాలి అందని చోట ఊపిరితిత్తుల్లోని చిన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లుల మీద ప్రయోగాలు చేసి 1946లో ఈ సంగతి రాశారు. రక్తాన్ని గాలి ఉన్న చోటికి మళ్లించే ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది. కానీ తాతయ్యకున్న సీఓపీడీలో, అంటే గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో, ఏ మూల చూసినా గాలికి కొరతే. నాళాలు ఏళ్ల తరబడి బిగిసి మందమవుతాయి, కొన్ని పూర్తిగా నశిస్తాయి. ఊపిరితిత్తుల ధమనిలో సగటు ఒత్తిడి 20 దాటితే పల్మనరీ హైపర్‌టెన్షన్, అంటే ఊపిరితిత్తుల నాళాల్లో అధిక రక్తపోటు, అంటారు. ఆ బరువంతా పల్చని కుడి గది మీదే పడుతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం. మెట్లెక్కితే ఆయాసం పాత జబ్బుకూ వస్తుంది, దీనికీ వస్తుంది. తాతయ్య చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోవడం మీరూ చూశారు. అలా నీరు చేరేసరికి చాలాసార్లు కుడి గది అలసిపోయి ఉంటుంది. అంతకన్నా ముందే తెలియాలనే రక్తంలో జీవసూచికల కోసం, అంటే జబ్బు జాడ చెప్పే పదార్థాల కోసం, వెతుకుతారు.

బరువుకు సాగిన గుండె కండరం 108 అమైనో ఆమ్లాల గొలుసు ఒకటి తయారుచేస్తుంది. అది రెండుగా తెగుతుంది. 32 ఉన్న ముక్క బీఎన్‌పీ అనే హార్మోను. ఉప్పునూ నీటినీ బయటికి పంపమని మూత్రపిండాలకు చెబుతుంది. మిగిలిన 76 ముక్క పేరే ఆ కాగితంలో మీరు కూడబలుక్కుని చదివిన ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కొలవడం సులువు. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు బీఎన్‌పీని మొదట పంది మెదడులో కనుగొన్నారు. అందుకే ఆ పేరులో మెదడు ఉంది, బీ అంటే బ్రెయిన్!

అయితే ఈ అంకె చెప్పేది గుండె కష్టపడుతోందని మాత్రమే, ఎందుకో చెప్పదు. ఎడమ గుండె బలహీనపడినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా, వయసు మీదపడినా అది పెరుగుతుంది. లావుగా ఉన్నవారిలో తక్కువగా కనిపిస్తుంది. జబ్బు తొలిదశలో మామూలుగానే ఉండవచ్చు కూడా. అందుకే అంకె బాగుందని నిశ్చింతగా ఉండిపోవడం నాకు నచ్చదు. నాళాల గోడల్లో మార్పును నేరుగా చెప్పే సూచికల కోసం పరిశోధనలు సాగుతున్నాయి. ప్రస్తుతానికి అనుమానం వస్తే ఎకో, అంటే ధ్వని తరంగాలతో గుండెను చూసే పరీక్ష, తీస్తారు. ఖాయంగా తేల్చాలంటే సన్నని గొట్టాన్ని సిర గుండా కుడి గుండెలోకి, అక్కడినుంచి ఊపిరితిత్తుల ధమనిలోకి పంపి ఒత్తిడి కొలవాలి. 1929లో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే యువ వైద్యుడు అలాంటి గొట్టాన్ని తన చేతి సిరలోంచి తన గుండెలోకే పంపుకుని, నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు.

తాతయ్యకు వచ్చే వారం ఎకో ఉంది. ఆ కాగితమూ దాచి ఉంచుతాను. మీరు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుదాం.

మీ అమ్మమ్మ