పెరటి గ్యారేజీకి సొంత మెయిన్ స్విచ్చి ఎందుకు?

అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్లకి ఈ గొడవ సాధారణంగా ఎలక్ట్రిక్ కారు కొన్నాకే తెలుస్తుంది. ఇంటి వెనక, సందు వైపు, విడిగా ఒక గ్యారేజీ ఉంటుంది. అందులో ఒక బల్బు, ఒక ప్లగ్ పాయింటు. అక్కడ ఛార్జర్ పెడదామని ఎలక్ట్రీషియన్ని పిలిస్తే కేబుల్ ఖర్చు ఒక్కటీ చెప్పి ఊరుకోడు. గ్యారేజీలో సబ్‌పానెల్ (విడిగా ఒక చిన్న బ్రేకర్ల డబ్బా) పెట్టాలి, దానికి డిస్‌కనెక్ట్ (మొత్తం కరెంటు ఆపే మెయిన్ స్విచ్చి) ఉండాలి, ఎర్తింగ్ కోసం నేలలోకి గ్రౌండ్ రాడ్లు దించాలి, ఇంటి నుంచి నాలుగు వైర్లు లాగాలి అంటాడు. "ఇంట్లో పానెల్‌లో బ్రేకర్ ఉందిగా, అది ఆపితే గ్యారేజీకి కరెంటు పోతుందిగా, మళ్లీ అక్కడొకటి దేనికి?" అని అడగనివాళ్లు తక్కువ. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు గ్యారేజీ పెరట్లోకి ఎలా వచ్చిందన్న దగ్గర మొదలవుతుంది.

కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటిని ఇంటికి ఆనించి పెట్టేవాళ్లు కాదు. అంతకుముందు గుర్రాలూ బగ్గీలూ ఉండే కొట్టం పెరటి చివర ఉండేది. కారు కూడా అక్కడికే చేరింది. పెట్రోలు అంటుకుంటుందన్న భయం ఒకటి, షికాగో లాంటి ఊళ్లలో ఇళ్ల వెనక సందులు ఉండటం ఇంకొకటి. అక్కడ 1910 నుంచి 1940 దాకా వరసలు వరసలుగా కట్టిన బంగళాలకి గ్యారేజీ సందులోకే తెరుచుకుంటుంది. ఇంటి గోడకి ఆనుకుని గ్యారేజీ కట్టడం బాగా మామూలయింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

ఆ కాలపు గ్యారేజీకి కావలసింది ఒక్క దీపం. ఇంటి వెనక తలుపు దగ్గర ఒక స్విచ్చి, గ్యారేజీలో ఇంకోటి, ఎక్కడ నొక్కినా వెలగాలి, ఆరాలి. మనం మెట్ల దగ్గర వేసుకునే టూ వే స్విచ్చిలే ఇవి. అక్కడ వాటినే త్రీ వే అంటారు. వైరు ఆదా చెయ్యడానికి కొందరు ఫేజునీ న్యూట్రల్నీ రెండు స్విచ్చిలకీ ఇచ్చి, మధ్యలో బల్బు తగిలించేవాళ్లు. దీన్ని కార్టర్ పద్ధతి అనేవారు. ఇందులో బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా హోల్డరు రెండు కొసల్లోనూ ఫేజు ఉండొచ్చు. దీపం ఆర్పేశాం కదా అని ధైర్యంగా బల్బు మార్చబోయినవాడి గతి ఏమిటో చెప్పక్కర్లేదు. 1920ల్లోనే కోడ్ దాన్ని నిషేధించింది. అయినా పాత ఇళ్లలో ఎలక్ట్రీషియన్లకి ఇప్పటికీ అక్కడక్కడా తగులుతుంటుంది.

ఈ కోడ్ అంటే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్, పొట్టిగా ఎన్‌ఈసీ. దీన్ని పుట్టించింది ప్రభుత్వం కాదు, ఎక్కువగా అగ్నిప్రమాద బీమా కంపెనీల భయం. 19వ శతాబ్దం చివర ఊరికో తీరు, కంపెనీకో తీరు నిబంధనలుండేవి. వాటినన్నింటినీ కలిపి మొదటి కోడ్‌ని 1897లో అచ్చు వేశారు. 1911 నుంచి దాని బాధ్యత జాతీయ అగ్ని నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏది. ఇప్పుడు మూడేళ్లకోసారి కొత్త కూర్పు వస్తుంది. కోడ్ తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రమో, ఊరో దాన్ని అమల్లోకి తెచ్చుకోవాలి. టెక్సస్ 2023 కూర్పుని ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తీసుకుంది. షికాగో తన సొంత కోడ్‌ని చాలా కాలం నడిపి, 2018లో ఎన్‌ఈసీ దారికొచ్చింది. అప్పుడు కూడా ఇనప పైపుల్లోంచే వైర్లు లాగాలన్న తన పట్టు మాత్రం వదల్లేదు. అందుకే "మా ఫ్రెండు ఊళ్లో అలా ఒప్పుకున్నారు" అనే మాట ఇన్‌స్పెక్టర్ దగ్గర చెల్లదు.

ఇక అసలు సంగతి. కోడ్ దృష్టిలో మీ పెరటి గ్యారేజీ మీ ఇంట్లో గది కాదు, అదొక వేరే భవనం. ఒకే ఆవరణలో పది షెడ్లున్న ఫ్యాక్టరీకీ, కొట్టాలూ గాదెలూ ఉన్న పొలానికీ పనికొచ్చిన ఆలోచనే ఇది. భవనం అన్నాక, దాని కరెంటు దాని దగ్గరే ఆపగలగాలి. మంట లేచినప్పుడు ఫైరింజను సిబ్బంది ఆ మంట ఎదుట నిలబడి ఇంట్లో బేస్‌మెంట్ పానెల్ ఎక్కడుందో వెతకలేరు. లోపల పనిచేస్తున్నవాడికి షాక్ కొడితే పక్కనున్నవాడు యాభై అడుగులు పరిగెత్తి, తాళం వేసిన ఇంట్లోకి దూరి, పేరు రాయని ఇరవై బ్రేకర్లలో సరైనది పట్టుకోవాలా? మన పొలాల్లో బోరు మోటారు పక్కనే స్టార్టరూ ఫ్యూజులూ పెట్టుకుంటాం కదా, ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్చి ఉంది, అది చాలు అనుకోం. తర్కం అదే.

ఈ నిబంధనలు మొదట వీధి నుంచి వచ్చే సర్వీసు వైర్ల అధ్యాయంలో కలిసి ఉండేవి. 1999 కూర్పులో వాటిని 225వ అధ్యాయంలో విడి భాగంగా సర్దారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. భవనానికి ఒకే సరఫరా రావాలంటుంది 225.30. ఆ భవనానికి వచ్చే ఫేజులన్నింటినీ ఆపే సాధనం ఉండాలంటుంది 225.31. వైర్లు లోపలికి వచ్చేచోటుకి దగ్గరలో, బయటో లోపలో, నిచ్చెన వేసుకోకుండా చేతికందేలా పెట్టాలంటుంది 225.32. అదే చోట ఒక మినహాయింపు కూడా ఉంది. స్విచ్చిలు ఎవరు ఎప్పుడు ఆపాలో రాసిపెట్టుకున్న పద్ధతీ, దాన్ని చూసుకునే అర్హులైన మనుషులూ ఉన్న పెద్ద పరిశ్రమలు డిస్‌కనెక్టుని ఆ ఆవరణలోనే వేరేచోట పెట్టుకోవచ్చు. మామూలు ఇంటివాడికి ఆ వెసులుబాటు లేదు. నా ఉద్దేశంలో ఈ నిబంధన ఆంతర్యం తెలిసేది ఈ మినహాయింపు దగ్గరే. బాధ్యతగా ఆపే మనిషి ఖాయంగా లేనిచోట స్విచ్చినే మనిషి దగ్గరికి తెచ్చారు.

ఇంటివాడికి దొరికిన వెసులుబాటు ఇంకోటి. ఇళ్ల దగ్గరి గ్యారేజీలకీ షెడ్లకీ మామూలు గోడ స్విచ్చి కూడా డిస్‌కనెక్టుగా చెల్లుతుంది, ఇందాక చెప్పిన త్రీ వే జత అయినా సరే. ఆ ఒక్క దీపపు రోజుల తాలూకు జ్ఞాపకంలా కనిపిస్తుంది నాకిది. త్రీ వే స్విచ్చిని చూసి కరెంటు ఉందో లేదో చెప్పలేమన్న సంగతి తెలిసీ వదిలేశారు.

ఒక్క సర్క్యూట్ అయితే డిస్‌కనెక్ట్ 15 ఆంపియర్లది చాలు. రెండైతే 30. అంతకు మించితే 60. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఇంట్లో 60 ఆంపియర్ల బ్రేకర్ నుంచి ఫీడర్ (గ్యారేజీ పానెల్‌కి కరెంటు తెచ్చే పెద్ద లైను) వచ్చినా, గ్యారేజీ పానెల్‌లో 100 ఆంపియర్ల మెయిన్ బ్రేకర్ ఉండొచ్చు. "పెద్దది పెట్టి మోసం చేశాడు" అని ఎలక్ట్రీషియన్ మీద కేకలేయనక్కర్లేదు. వైరుని కాపాడేది ఇంట్లో ఉన్న బ్రేకర్. గ్యారేజీలోది ఉత్త స్విచ్చి పని చేస్తోంది.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లని ఇరికించేది ఒకే సరఫరా అన్న 225.30. ఇప్పటికే గ్యారేజీకి దీపం కోసం ఒక సర్క్యూట్ వెళ్తుంటే, ఛార్జర్ కోసం పక్కనుంచి ఇంకో సర్క్యూట్ లాగేస్తే కుదరదు. కొన్ని ప్రత్యేక సందర్భాలు తప్పిస్తే సరఫరా ఒకటే ఉండాలి. ఒకటి ఆపి, అంతా ఆగిపోయిందనుకుని రెండోదాన్ని ముట్టుకునే ప్రమాదం తప్పించడానికే ఇది. కాబట్టి పాతది తీసేసి, ఒక పెద్ద ఫీడర్ తెచ్చి, అక్కడ సబ్‌పానెల్ పెట్టి, దాంట్లోంచి దీపానికీ ఛార్జర్‌కీ ఇవ్వాలి.

నాలుగో వైరు సంగతి మరీ ఈమధ్యది. 2005 కూర్పు దాకా గ్యారేజీకి మూడు వైర్లు చాలేవి: రెండు ఫేజులు, ఒక న్యూట్రల్. గ్యారేజీలో ఆ న్యూట్రల్నే పానెల్ డబ్బాకీ, నేలలో రాడ్‌కీ కలిపేవారు, వీధి నుంచి కొత్త సర్వీసు వచ్చినట్టే. దానికి షరతులున్నాయి. ఇంటికీ గ్యారేజీకీ మధ్య రెండు పక్కలా గ్రౌండుకి కలిసిన లోహపు దారి ఇంకేదీ ఉండకూడదు. వైరింగ్ చేసిన రోజున ఉండకపోవచ్చు. పదేళ్ల తర్వాత ఎవరో ఇనప నీళ్ల పైపు వేస్తారు, ఇంకెవరో టీవీ కేబుల్ లాగుతారు. అప్పటి నుంచి న్యూట్రల్‌లో వెళ్లాల్సిన కరెంటులో కొంత ఆ పైపులోంచీ కేబుల్ తొడుగులోంచీ నడుస్తుంది. అంతకన్నా ఘోరం, దారిలో న్యూట్రల్ తెగితే బల్బులోంచి తిరిగొచ్చే కరెంటు పానెల్ డబ్బా మీదికీ, దానికి కలిసిన ప్రతి లోహం మీదికీ ఎక్కి కూర్చుంటుంది. షరతులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయా అని మళ్లీ వెళ్లి చూసేవాళ్లు లేరు. 2008లో కోడ్ విసిగిపోయి, కొత్తగా వేసే ఫీడర్లకి ఆ పద్ధతి మూసేసింది. పాతవి ఆ షరతులకి లోబడినంతకాలం ఉండనిచ్చింది. అప్పటి నుంచి ఎర్తింగ్ కోసం నాలుగో వైరు, అంటే గ్రౌండింగ్ వైరు, విడిగా రావాలి. సబ్‌పానెల్‌లో న్యూట్రల్ బార్ (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీ) డబ్బాకి తగలకుండా ఉండాలి. ఆ రెండింటినీ కలపడానికి పానెల్‌తో వచ్చే ఆకుపచ్చ బాండింగ్ స్క్రూ బిగించకూడదు. ఇన్‌స్పెక్టర్లు మూత తియ్యగానే ముందు వెతికే వాటిలో ఈ స్క్రూ ఒకటి.

"రాడ్ దించాం కదా, ఎర్తింగ్ అదే కదా" అన్నది మనవాళ్ల నుంచి ఎక్కువగా వినిపించే మాట. ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్లు పోసి ఎర్తింగ్ గొయ్యిని బతికించుకున్న అలవాటు మనది మరి. లెక్క చూడండి. ఒక్క రాడ్ సరిపోవాలంటే దాని నిరోధం 25 ఓమ్‌లు మించకూడదంటుంది కోడ్, మించితే రెండోది దించాలి. సరిగ్గా 25 ఉందనుకున్నా, 120 వోల్టుల ఫేజు డబ్బాకి తగిలితే రాడ్ గుండా నేలలోకి పోయేది 5 ఆంపియర్లలోపే. 20 ఆంపియర్ల బ్రేకర్ దానికి కదలదు. డబ్బా కరెంటుతోనే నిలబడి ఉంటుంది. బ్రేకర్ పడాలంటే ఇంటికి తిరిగి వెళ్లే లోహపు దారి కావాలి, అంటే ఆ నాలుగో వైరే. రాడ్ ముఖ్యంగా పిడుగుల కోసం. సబ్‌పానెల్ లేకుండా ఒకే మామూలు సర్క్యూట్ (బ్రాంచ్ సర్క్యూట్) గ్రౌండింగ్ వైరుతో సహా వచ్చిన గ్యారేజీకి రాడ్ అక్కర్లేదని కోడే ఒప్పుకుంటుంది.

ఈమధ్య గ్యారేజీ మళ్లీ వేషం మారుస్తోంది. కాలిఫోర్నియా 2017 నుంచి ఇళ్ల దగ్గర చిన్న రెండో ఇల్లు కట్టుకోవడాన్ని సులువు చేశాక, పెరటి గ్యారేజీలు వంటగదితో సహా అద్దె ఇళ్లు అవుతున్నాయి. ఇల్లు అయిందంటే 60 ఆంపియర్ల డిస్‌కనెక్ట్ సరిపోదు, 100 కావాలి. ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్లకుండానే కరెంటు ఆపేలా ఇళ్ల సర్వీసుకి బయట ఎమర్జెన్సీ డిస్‌కనెక్ట్ ఉండాలన్న నిబంధన 2020 కూర్పులో వచ్చింది. ఫీడర్ మీద నడిచే ఇళ్లకి 2023లో దాన్ని 225.41గా చేర్చారు. కారు మాత్రమే ఉండే గ్యారేజీకి అది వర్తించదు. అందులో అత్తమామల కోసమో అద్దెకోసమో ఇల్లు కడితే వర్తిస్తుంది.

మీ పెరట్లో మూడు వైర్ల పాత ఫీడరే ఉండి, దాని షరతులు ఇంకా నిలిచి ఉంటే దాన్ని పీకెయ్యమని కోడ్ అనదు. ఛార్జర్ కోసం కొత్త ఫీడర్ లాగాల్సొస్తే మాత్రం కందకం తవ్వాల్సిందే. పీవీసీ పైపులో అయితే 18 అంగుళాలు, కేబుల్‌ని నేరుగా పాతితే 24 అంగుళాలు. ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి, కాస్త పెద్ద సైజు పైపు వేయించుకోండి.