నవల చిత్తుప్రతిని దిద్దుకోవడం: అపోహలు – వాస్తవాలు

అపోహ: దిద్దడమంటే అచ్చుతప్పులు ఏరడం.

వాస్తవం: అది ఆఖరి పని. మొదటి పేజీ నుంచే ఒత్తులూ దీర్ఘాలూ సరిచేస్తూ వస్తే, పన్నెండో అధ్యాయం అనవసరమని తేలినా తీసెయ్యడానికి చెయ్యి రాదు. అప్పటికే దానిమీద బోలెడు చాకిరీ చేసి ఉంటాం. ముందు కథ, తర్వాత సన్నివేశాలు, ఆపైన వాక్యాలు, చివర అక్షరాలు. తొలి విడత కలం పట్టకుండా చదవండి. రెండో విడతలో ఎక్సెల్ షీటు తెరిచి సన్నివేశానికో వరస ఇవ్వండి: ఎవరున్నారు, ఎక్కడ, ఏ రోజు, ముగిసేసరికి ఏం మారింది. ఈ చివరి గడి ఖాళీగా మిగిలేవి ఎక్కువగా కాఫీ సన్నివేశాలూ, ఫోన్లో పరామర్శలూ. వాటిలో పనికొచ్చే ఒకటి రెండు మాటలు పక్క సన్నివేశంలో కలిపి, మిగతాది వేరే ఫైల్లో దాచుకోండి. పూర్తిగా చెరిపెయ్యమంటే ఏ రచయితా ఒప్పుకోరు.

అపోహ: రాసిన వేడిమీదే దిద్దెయ్యాలి.

వాస్తవం: కనీసం నెల్లాళ్లు పక్కన పెట్టండి. తర్వాత ఫాంటు మార్చి, ప్రింటు తీసి చదవండి.

అపోహ: మన ఊరి కథే కదా, వివరాలు సరిచూడక్కర్లేదు.

వాస్తవం: తెలిసిన ఊళ్లోనే ఎక్కువ దొర్లుతాయి. 2015లో జరిగే కథలో నాయిక అమీర్‌పేటలో మెట్రో ఎక్కకూడదు. హైదరాబాద్ మెట్రో మొదలైంది 2017 నవంబరులో. 2007లో దుబాయ్ వెళ్లే తమ్ముణ్ణి సాగనంపాల్సింది బేగంపేట నుంచి. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచారు. బోనాలు ఆషాఢంలో వస్తాయి, ఆ వారంలోనే పదో తరగతి వార్షిక పరీక్షలు పెట్టేస్తే కుదరదు. షీటులో ‘ఏ రోజు’ గడి నింపారా, ఇవన్నీ బయటపడతాయి.

అపోహ: పాత్ర పేరు మార్చాలంటే ‘ఫైండ్ అండ్ రీప్లేస్’ చాలు.

వాస్తవం: తెలుగులో విభక్తి పేరుకే అతుక్కుంటుంది. ‘రాము’ని ‘కిరణ్’ చేస్తే గుళ్లో రాముడు కాస్తా ‘కిరణ్డు’ అవుతాడు. ‘రాముకి’ మారి ‘కిరణ్కి’ అయి, ణకారానికి కవొత్తు పడుతుంది. ‘కిరణ్‌కి’ అని విడిగా కనిపించాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తు ఉండాలి. అందుకే ‘రాముకి’, ‘రామును’, ‘రాముతో’ విడివిడిగా వెతికి, ‘రీప్లేస్ ఆల్’ జోలికి పోకుండా ఒక్కొక్కటీ చూసి మార్చాలి. ఊతపదాల వేటలో మాత్రం ఈ అతుకుడే కలిసొస్తుంది: ‘నిట్టూర్’ అని కొడితే నిట్టూర్చాడు, నిట్టూర్చింది, నిట్టూర్పు అన్నీ దొరుకుతాయి. ఇదంతా యూనికోడ్ ఫైలు సంగతి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లయిన అను ఫాంట్లలో కొట్టించినదైతే ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఆ మార్పిడిలో చెదిరిన ఒత్తులు చూసుకోవాలి.

అపోహ: యాస అంటే అక్కడక్కడా నాలుగు మాటలు చల్లడం.

వాస్తవం: ఒక్కో పాత్ర సంభాషణలు మాత్రమే విడిగా తీసి పైకి చదవండి. పాలమూరు నుంచి కూకట్‌పల్లి వచ్చిన అవ్వ మొదట్లో ‘యాడికి వోతున్నవ్ బిడ్డా’ అని, ఇరవయ్యో అధ్యాయంలో ‘ఎక్కడికెళ్తున్నావమ్మా’ అంటే పాఠకుడికి పంటికింద రాయే. ‘మీరు’ ‘నువ్వు’గా మారినా కథలో కారణం కనబడాలి.

అపోహ: మిగిలినవి ప్రూఫ్ దశలో చూసుకోవచ్చు.

వాస్తవం: ప్రూఫ్ రీడర్ చూసేది అక్షరాలు, కథ కాదు. డిసెంబరు బుక్ ఫెయిర్‌కి పుస్తకం తేవాలన్న తొందరలో, పేజీలు కట్టాక పేరాలు తీసేవాళ్లున్నారు. ఒక్క పేరా పోతే అధ్యాయం చివరిదాకా పేజీలు జరుగుతాయి. డీటీపీ వాళ్లు మళ్లీ డబ్బులడుగుతారు, అడగడం న్యాయమే.