కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే పత్తి గుర్తురాని వాళ్లు తక్కువ. కాటన్ చీర, కాటన్ చొక్కా, కాటన్ దొర. వాళ్ల తాతముత్తాతలు పత్తి వ్యాపారమో నేత పనో చేసి ఉంటారనుకోవడం సహజమే. నిజానికి అది ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు, మన కందుకూరి, తాడేపల్లి లాంటిదే.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో గుడిసెను 'కొట్' అనేవాళ్లు, ఇప్పటి కాటేజ్ దాని చుట్టమే. 'గుడిసెల దగ్గర' అని చెప్పాలంటే చివర ఒక ప్రత్యయం చేర్చి 'కొటుమ్' అనేవాళ్లు. నోళ్లలో నానగా నానగా అదే కోటన్, కాటన్, కోటమ్ అని రకరకాల ఊరి పేర్లుగా నిలబడిపోయింది. కేంబ్రిడ్జ్ పక్కన ఒక కోటన్ ఉంది, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ ఉంది, నాటింగమ్‌షైర్‌లో కోటమ్ ఉంది, చెషర్‌లో, ష్రాప్‌షైర్‌లో ఇంకొన్ని ఉన్నాయి. పేదవాళ్లు నాలుగు గుడిసెలు వేసుకున్న చోటల్లా ఈ పేరు పుట్టగలదు మరి, అలాంటి పేదవాళ్లకు ఆ రోజుల్లో కొదవేం లేదు, 1086లో విలియం రాజు దేశమంతా చేయించిన డూమ్స్‌డే సర్వేలో గుడిసెల వాళ్లను ఒక ప్రత్యేక వర్గంగానే రాసుకున్నారు. పత్తి అనే అర్థం ఉన్న కాటన్ అరబ్బీలో బయలుదేరి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన వేరే మాట. రెండూ ఒకేలా పలకడం కేవలం కాకతాళీయం.

ఊరి పేరు మనిషికి అంటుకునే పద్ధతి కూడా తమాషాగా ఉంటుంది. కోటన్‌లోనే ఉన్నంతకాలం ఎవరినీ 'కోటన్ జాన్' అనరు, అక్కడ అందరూ కోటన్ వాళ్లే కదా. ఆ జాన్ పొట్ట చేత పట్టుకుని పక్క ఊరికి వలసపోయాడనుకోండి, అప్పుడు మొదలవుతుంది ఆ పిలుపు. భూస్వాముల సంగతి వేరు, వాళ్లు తమ చేతిలో ఉన్న ఊరి పేరునే దర్జాగా పెట్టుకునేవాళ్లు. 14వ శతాబ్దం ముగిసేసరికి ఇంగ్లండ్‌లో చాలామందికి ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేలా స్థిరపడ్డాయి. స్పెల్లింగ్ మాత్రం రాసే గుమాస్తా ఇష్టం.

మన ఆర్థర్ కాటన్‌ది భూస్వాముల శాఖ. ఎనిమిదో హెన్రీ రాజు క్రైస్తవ మఠాలను రద్దు చేసి ఆస్తులు పంచిపెట్టినప్పుడు, 1539లో చెషర్‌లోని కాంబర్‌మియర్ మఠం జార్జ్ కాటన్ అనే రాజోద్యోగికి దక్కింది. ఆ కుటుంబంలో పుట్టిన స్టేపిల్టన్ కాటన్ సైన్యాధిపతిగా వచ్చి 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్నాడు. ఆయన బాబాయి కొడుకే ఆర్థర్, 1847 నుంచి 1852 వరకు గోదావరి మీద ఆనకట్ట కట్టించినవాడు. ఒకాయనది కోట కూల్చిన పేరు, ఇంకొకాయనది పంట పండించిన పేరు. కోనసీమలో విగ్రహాలు ఎవరికి ఉన్నాయో చెప్పక్కర్లేదు. ఇంకో చిత్రం, పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ చివరి రోజుల్లో బైబిల్ వైపు తిరిగాడని 1915లో ఒక కథ ప్రచారంలోకి తెచ్చిన లేడీ హోప్ ఈ ఆర్థర్ కాటన్ కూతురే. డార్విన్ పిల్లలు అదంతా అబద్ధమని కొట్టిపారేశారు.

గువాహటిలో కాటన్ కాలేజీ ఉండేది కదా, ఇప్పుడది కాటన్ యూనివర్సిటీ, అది కూడా మన దొర పేరే అనుకునేరు. అది అస్సాం చీఫ్ కమిషనర్‌గా చేసిన హెన్రీ కాటన్ పేరు, 1904లో బొంబాయి కాంగ్రెస్ సభలకు అధ్యక్షత వహించింది ఆయనే. ఆయనది ఈస్టిండియా కంపెనీ ఓడ కెప్టెన్ ఒకరి వంశం. లండన్‌లో రాబర్ట్ కాటన్ అని 17వ శతాబ్దపు పుస్తకాల పిచ్చోడు ఒకడున్నాడు. ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టా ప్రతులు నాలుగే మిగిలితే అందులో రెండు ఆయన సేకరణలోవే. ఈ మనిషికి కాటన్ అన్న ఇంటిపేరు చాలక, తనది స్కాట్లాండ్ రాజుల బ్రూస్ వంశమని సంతకంలో బ్రూస్ కూడా తగిలించుకునేవాడు! అమెరికా వెళ్లిన పాస్టర్ జాన్ కాటన్ మనవడికైతే ఇంటిపేరే అసలు పేరుగా మారింది. 1721లో బోస్టన్‌లో మశూచి టీకా కోసం పోట్లాడిన కాటన్ మాథర్ అతనే, ఆ పద్ధతి అతనికి చెప్పింది ఒనేసిమస్ అనే ఆఫ్రికన్ బానిస. అమెరికాలోని మిసిసిపీలో పుట్టి బ్లూస్ సంగీతంలో హార్మోనికా (నోటితో ఊదే వాయిద్యం) వాయించిన జేమ్స్ కాటన్ నల్లజాతివాడు. అక్కడి నల్లవాళ్లకు ఇంగ్లీషు ఇంటిపేర్లు తరచుగా యజమానుల నుంచో, 1865 విముక్తి తర్వాత సొంత ఎంపికతోనో వచ్చాయి.

మరి వీళ్లందరూ ఒక మూలపురుషుడి సంతానమేనా? అవకాశం లేదు. ఇంటిపేరు లాగే వై క్రోమోజోమ్ కూడా తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది కాబట్టి దీన్ని పరీక్షించవచ్చు. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ 40 ఇంటిపేర్లున్న 1,678 మంది మగవాళ్ల డీఎన్ఏ పోల్చి 2009లో ఫలితాలు ప్రచురించారు. అటెన్‌బరో లాంటి అరుదైన పేరున్నవాళ్లలో పదింట దాదాపు తొమ్మిది మందిది ఒకే రకం వై, స్మిత్‌లలో మాత్రం దారిన పోయే ఇద్దరిని పట్టుకుని పోల్చినట్టే ఉంది. కాటన్ లాంటి పేరు ఎన్నో ఊళ్లలో విడివిడిగా పుట్టింది కనుక ఒకే వంశాన్ని ఆశించలేం. ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు అని మన పెళ్లి సంబంధాల్లో అనుకుంటాం చూడండి, అదే సంగతి.

పైగా పేరు తెగకపోయినా రక్తం మధ్యలో తెగొచ్చు, దత్తత వల్లో, బయటికి చెప్పని సంగతుల వల్లో. 2012లో లెస్టర్ కార్ పార్కింగ్ కింద మూడో రిచర్డ్ రాజు ఎముకలు దొరికినప్పుడు, కాగితాల ప్రకారం ఆ మగ వంశానికే చెందిన 5 మందిని పరీక్షిస్తే ఒక్కరి వై కూడా రాజుతో కలవలేదు. ఆ ఎముకలు ఆయనవేనని తేల్చడానికి సాయపడింది రాజుగారి అక్క ఆడసంతానం వరసలో దిగివచ్చిన డీఎన్ఏ.