తడి కాగితం చిరిగేది నీటిలో కాదు: సయనోటైప్‌పై అపోహలు – వాస్తవాలు

ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని ఎండలో ఉంచి, నీటిలో కడిగి నీలి బొమ్మ తెచ్చే పాత ఫోటో పద్ధతి సయనోటైప్. విజయవాడలో మా గదికి దాన్ని నేర్చుకోవడానికి వచ్చేవారు రసాయనాల గురించి ఎన్నో అడుగుతారు గానీ, తడిసిన కాగితాన్ని ఎలా పట్టుకోవాలో అడిగేవారు అరుదు. ప్రింట్లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే.

అపోహ: కాగితం ఎంత పల్చనైతే తడిలో అంత తేలికగా చిరుగుతుంది.

వాస్తవం: మందం కంటే పీచు పొడవు ముఖ్యం. జామాయిల్ గుజ్జులోని పీచు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటే, జపాన్‌వారి కోజో బెరడు పీచు దాదాపు 10 మిల్లీమీటర్లు ఉండి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటుంది కనుక, ఆ కాగితం ఎంత పల్చగా ఉన్నా తడికి నిలుస్తుంది. ఏ కాగితమైనా తడిస్తే పీచుల మధ్య బంధాలు సడలుతాయి. మూల పట్టుకుని ఎత్తితే పీల్చుకున్న నీటి బరువంతా ఆ మూల మీదే పడుతుంది. గంపి అనే మరో పల్చని జపాన్ బెరడు కాగితం మీద వేసిన నా తొలి ప్రింటును అలాగే ఎత్తాను. గోరంత ముక్క వేళ్ల మధ్య మిగిలింది, తక్కినది ట్రే అడుగుకు చేరి ముడుచుకుపోయింది.

అందుకే కాగితం కంటే కాస్త పెద్దదైన ఓహెచ్‌పీ షీట్‌ను (పారదర్శక ప్లాస్టిక్ షీట్‌ను) ముందే ట్రే అడుగున పరిచి, బొమ్మ షీట్ వైపు ఉండేలా ప్రింటును నీటిలోనే దాని మీదికి చేర్చి, రెంటినీ కలిపి ఏటవాలుగా పైకి తీయాలి. నీరు కింది అంచు నుంచి పూర్తిగా జారేదాకా తొందరపడకూడదు. ముడత పడితే గోటితో విప్పవద్దు, మళ్లీ నీటిలో తేలనిస్తే అదే విచ్చుకుంటుంది.

అపోహ: కుళాయి ధార కింద, ఎంతసేపు కడిగితే అంత మంచిది.

వాస్తవం: ధార పల్చని కాగితానికి చిల్లు పెడుతుంది. వెలుగు తగలని లవణాలు నీటిలో కరిగేవే కనుక, ట్రేను మెల్లగా ఊపుతూ నాలుగైదుసార్లు నీరు మారిస్తే చాలు. తెల్లని భాగాల్లో పసుపు పోగానే ఆపాలి. 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న ఈ పద్ధతిలో బొమ్మను నిలిపేది ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థం. దానికి క్షారం పడదు. అందుకే క్షారగుణం ఉండి బకెట్లకు తెల్లని పొర కట్టే బోరు నీళ్లతో కడిగేవారు మొదటి నీటిలో లీటరుకు పావు చెంచా నిమ్మ ఉప్పు కలపడం మేలు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ లేకుంటే నీలం ముదరదన్నదీ నిజం కాదు. గాలికి ఒక రోజు ఉంచితే అదే రంగు వస్తుంది.

అపోహ: క్లిప్పులతో తీగకు వేలాడదీసి ఫ్యాన్ వేయాలి.

వాస్తవం: మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద అంచులు ముందు ఆరి బిగుసుకుంటాయి, తడి నడిభాగం వంకరపోతుంది. చట్రానికి బిగించిన నైలాన్ దోమతెర మీద షీట్‌తో సహా ప్రింటును బోర్లించి, షీట్‌ను నిటారుగా లాగకుండా ఒక మూల నుంచి వెనక్కి మడుస్తూ తీస్తే, కాగితం తెర మీదే నిలిచి, బొమ్మ పైకి కనిపిస్తుంది.