బండికి బలం పెంచితే వేడి ఎటు పోతుంది?

"అన్నా, షంట్ మీద జరంత సీసం పోస్త. కంట్రోలర్‌కు తెల్వనే తెల్వది. చడావు మీద బండి ఉరుకుతది. పది నిమిషాల పని."

మా గల్లీ చివర బ్యాటరీ బండ్లు బాగుచేసే తమ్ముడి మాట ఇది. నాది పాత స్కూటర్: 250 వాట్ల మోటారు, 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. చదును రోడ్డు మీద దాంతో పేచీ లేదు. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు ఎక్కేటప్పుడే కష్టం. సగం దూరంలో సైకిలుకన్నా నెమ్మదించేది. రెండుసార్లు అమ్మే దిగి నడిచింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి అలా నడుస్తుంటే పక్కన బండి తోసుకుంటూ వెళ్లాక, ఎలాగైనా దీనికి బలం పెంచాలనుకున్నాను.

తమ్ముడు చెప్పిన కిటుకు పనిచేస్తుంది. ఎలా పనిచేస్తుందో తెలిసాకే నాకు భయం వేసింది. మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసే పెట్టె కంట్రోలర్. దాని లోపల, బ్యాటరీ కరెంటు పారే దారిలో, షంట్ అనే చిన్న లోహపు ముక్క ఉంటుంది. దాని నిరోధం చాలా తక్కువ, కానీ ఎంతో కచ్చితంగా తెలిసినది. దాని రెండు కొసల మధ్య వోల్టేజీని బట్టి కంట్రోలర్ ఎంత కరెంటు పోతోందో లెక్కగడుతుంది, హద్దు దాటగానే కళ్లెం వేస్తుంది. షంట్ మీద సీసం పోస్తే నిరోధం తగ్గుతుంది. అప్పుడు 40 ఆంపియర్లు పారుతున్నా కంట్రోలర్‌కు 20 లాగే కనబడుతుంది. బండిలో కొత్త బలమేమీ పుట్టలేదు, కాపలావాడి కళ్లకు గంతలు కట్టాం, అంతే.

అసలు ఎంత బలం కావాలో చూద్దాం. బండి, మనిషి కలిపి 150 కిలోలనుకోండి. చదును రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే టైర్ల రాపిడి, ఎదురుగాలి కలిసి దాదాపు 40 న్యూటన్ల బలంతో వెనక్కి లాగుతాయి. అందుకు చక్రం దగ్గర 270 వాట్ల వరకు చాలు. అదే 50 కిలోమీటర్ల వేగమైతే సుమారు 1,270 వాట్లు కావాలి. వేగం రెట్టింపైతే గాలి ప్రతిఘటన 4 రెట్లవుతుంది, దాన్ని ఛేదించడానికి కావలసిన పవర్ 8 రెట్లవుతుంది.

ఇక ఎత్తు సంగతి. హైదరాబాద్ 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాళ్ల మీద కూర్చున్న ఊరు, ఇక్కడ చదునైన దారి దొరకడమే అదృష్టం. నూరు మీటర్లకు 5 మీటర్లు లేచే రోడ్డు మీద, వెనక మరో 75 కిలోల మనిషితో, అదే 25 వేగం నిలబెట్టాలంటే 160 న్యూటన్లు, అంటే 1,100 వాట్లు కావాలి. చదును మీద కావలసినదానికి 4 రెట్లు.

మోటారు తిప్పే బలం దాని చుట్టల్లో పారే కరెంటును బట్టి ఉంటుంది. బలం 4 రెట్లు కావాలంటే కరెంటు 4 రెట్లు. రాగి తీగలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 16 రెట్లు. చదును మీద 15 వాట్ల వేడి పుట్టే చుట్టల్లో ఎత్తు మీద 240 వాట్లు పుడతాయి. రాగి వేడెక్కేకొద్దీ దాని నిరోధమూ పెరుగుతుంది, ప్రతి 10 డిగ్రీలకు సుమారు 4 శాతం. వేడి మరింత వేడిని పుట్టిస్తుందన్నమాట.

ఆ వేడి ఎటు పోవాలి? చక్రం మధ్యలోనే ఇమిడి ఉండే హబ్ మోటారులో చుట్టలు నడిమధ్య, ఇరుసుకు అతికి ఉంటాయి. అయస్కాంతాలు వాటి చుట్టూ తిరిగే డొప్పలో ఉంటాయి. మధ్యలో సన్నని గాలి పొర. గాలి వేడిని సరిగా మోయలేదు. దమ్ పెట్టిన హండీలా వేడంతా లోపలే మగ్గుతుంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు దాదాపు 80 డిగ్రీల వరకే భద్రం. అది దాటితే కొంత శక్తిని శాశ్వతంగా కోల్పోవచ్చు. శక్తి తగ్గిన అయస్కాంతంతో అదే బలం రావాలంటే ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. అలా బలం కోసం చేసిన మార్పే మోటారును శాశ్వతంగా బలహీనపరచవచ్చు.

మోటారు మీద రాసిన 250 వాట్లకు అర్థం ఇక్కడే ఉంది. అది మోటారు ఇవ్వగల గరిష్ఠ పవర్ కాదు. మోటారు వాహన నిబంధనల్లోనే దాన్ని 30 నిమిషాల పవర్ అంటారు: వేడెక్కి చెడిపోకుండా అరగంట పాటు ఇవ్వగలిగేది. కాసేపటికైతే అంతకు మూడు రెట్లు ఇచ్చినా ఓర్చుకోవచ్చు. మోటారు పెద్దదా చిన్నదా అన్నది ఎంత వేడిని వదిలించుకోగలదన్న దాన్ని బట్టే తేలుతుంది.

మోటారు దాకా పోనక్కర్లేదు, ఒక్క వదులు కనెక్టర్ చాలు. తుప్పు పట్టి దాని నిరోధం ఓమ్‌లో 50వ వంతైందనుకోండి. 20 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 8 వాట్లు. 40 దగ్గర 32 వాట్లు. కోఠి గుజరాతీ గల్లీలో సీసం కరిగించడానికి కొనే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానికన్నా వేడి వస్తువును సీటు కింద పెట్టుకుని తిరగడమే ఇది.

వోల్టేజీ పెంచితే? 48ని 60 చేస్తే మోటారు గరిష్ఠ వేగం పాతిక శాతం వరకు పెరుగుతుంది. కానీ 48 వోల్టుల కంట్రోలర్లు చాలావాటిలో 63 వోల్టుల వరకే తట్టుకునే కెపాసిటర్లుంటాయి, 60 వోల్టుల లిథియం ప్యాక్ నిండుగా ఛార్జయితే 67 దాటుతుంది. ఆ కంట్రోలర్ ఎన్నాళ్లో నిలవదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది బ్యాటరీ. వరసకు 10 చొప్పున 13 వరసలు, మొత్తం 130 చిన్న లిథియం సెల్స్ ఉన్న ప్యాక్ ఊహించండి. 20 ఆంపియర్లు లాగితే ఒక్కో సెల్ మీద 2 పడతాయి. సెల్ లోపలి నిరోధం 40 మిల్లీఓమ్‌లైతే ప్యాక్ మొత్తంలో పుట్టే వేడి 21 వాట్లు. 40 లాగితే 83 వాట్లు. ఇదంతా మూసిన పెట్టెలో, మే నెల ఎండలో. పాత ప్యాక్‌కు పక్కన ఇంకోటి కలిపి బలం పెంచుదామని కొందరంటారు. రెండింటి మధ్య 4 వోల్టుల తేడా ఉంటే, కలిపిన క్షణంలోనే ఒకదాని నుంచి ఇంకోదానికి 40 ఆంపియర్ల దాకా దూకుతుంది. ఇక ప్యాక్‌కు కాపలా కాసే సర్క్యూట్ బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అడ్డు పడుతోందని దాన్ని తప్పించి డైరెక్టు చేసేవాళ్లకు చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నా, ఆ పని చేయొద్దు. సెల్ మితిమీరి వేడెక్కినా, మితిమీరి నిండినా ఆపేది అదొక్కటే.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచాయి. 8 మంది చనిపోయారు. పొగ మెట్ల దారిన పైకి కమ్మేసింది. బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 అనే జాతీయ ప్రమాణంలోని కొత్త నిబంధనలు ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి మరో విడత అమల్లోకి వచ్చాయి. గల్లీలో అతికించిన ప్యాక్‌ను ఆ పరీక్షలకు ఎవరూ పంపరు.

నేను చివరికి షంట్ జోలికి పోలేదు. లెడ్ యాసిడ్ తీసేసి, అదే వోల్టేజీ తరగతిలో, పరీక్షలకు నిలిచిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పెట్టించాను. ఈ పదార్థాన్ని 1997లో అమెరికా శాస్త్రవేత్త జాన్ గుడినఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. అందులో అక్షయ పాఢి, నంజుండస్వామి అనే మన దేశస్థులిద్దరున్నారు. ఇందులో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. వేడెక్కినా తేలిగ్గా వదలదు, అందుకే మంటకు లోపలి నుంచి ఆజ్యం అందడం తక్కువ. మన బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు ఈ పదార్థాన్ని ఇక్కడే తయారుచేసే పద్ధతుల మీద పనిచేస్తున్నారని తెలిసి చాలా సంతోషించాను.

బరువు 28 కిలోల నుంచి 12కు దిగింది. ఎత్తు ఎక్కేటప్పుడు పాత బ్యాటరీలు 43 వోల్టులకు కుంగేవి, ఇది 50 దగ్గర నిలుస్తోంది. కంట్రోలర్ హద్దు మారలేదు, అదే కరెంటుకు ఎక్కువ పవర్ అందుతోంది. ఛార్జర్ కూడా ఈ ప్యాక్‌కు సరిపడేది విడిగా కొనాలి, పాతది వాడకూడదు. నా బండి 250 వాట్ల లోపు, 25 వేగం లోపు తరగతిలోనే ఉంది, కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మోటారు మార్చి అది దాటితే లైసెన్సు, నంబరు, బీమా అన్నీ కావాలి. రిజిస్టరైన బండినైతే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లోని వివరాలు మారేలా సొంతంగా మార్చడం కుదరదు. నిజంగా 50 వేగం కావాలనుకునేవారికి నా సలహా, ఆ వేగానికి తగ్గ బ్రేకులతో, ఫ్రేముతో తయారైన బండినే కొనండి. వేగం రెట్టింపైన బండిని ఆపాలంటే 4 రెట్ల శక్తిని బ్రేకులే వేడిగా మార్చాలి. నా బండికున్న డ్రమ్ము బ్రేకులు అందుకు చేసినవి కావు.

మొన్న ఆదివారం అమ్మతో మళ్లీ చెక్‌పోస్ట్ దాకా ఎక్కాను. వేగం 15 దాటలేదు, కానీ అమ్మ దిగాల్సిన పని పడలేదు. పైకి చేరాక నీడలో ఆపి వెనక చక్రం హబ్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. చెయ్యి తీయకుండా ఇరవై దాకా లెక్కపెట్టగలిగాను.