పెద్ద కాలిపర్ వేస్తే కారు ఠక్కున ఆగుతుందా? అపోహలు - వాస్తవాలు

బ్రేకులు విప్పడం, బిగించడం నా రోజువారీ పని. "అన్నా, పెద్ద మోడల్ కారు కాలిపర్లు దొరికాయి, నా బండికి వేసేయ్" అంటూ ఎవరో ఒకరు సంచిలో మోసుకొస్తూనే ఉంటారు. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండు వైపుల నుంచీ ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం; బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ఆ ప్యాడ్లని తోసేది దాని లోపలి పిస్టన్. చాలాసార్లు వద్దనే చెబుతాను. ఎందుకో రాస్తున్నాను.

అపోహ: కాలిపర్ పెద్దదైతే కారు తక్కువ దూరంలో ఆగుతుంది.

వాస్తవం: చక్రాన్ని బ్రేకు ఆపుతుంది సరే, కారుని ఆపాల్సింది రోడ్డు మీద టైరుకున్న పట్టు. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేసి కాలి కింద పెడల్ గడగడా కొట్టుకుంటోందంటే, ఉన్న బ్రేకులే ఆ పట్టుని మొత్తం వాడేస్తున్నాయన్నమాట. ఇక దానిపైన ఎంత పెద్దది తగిలించినా ఆ ఒక్కసారి ఆగే దూరం తగ్గదు, అరిగిన టైర్లు మారిస్తే మాత్రం తగ్గుతుంది. పెద్ద బ్రేకులు పనికొచ్చేది వేడి దగ్గర. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది, అందుకే నిండా బరువుతో కొండ దిగేవాళ్లకీ ట్రాక్ మీద తోలేవాళ్లకీ పెద్ద డిస్కు నిజంగానే అవసరం. అక్కడ కూడా వేడిని ఓర్చేది ఎక్కువగా డిస్కే, కాలిపర్ కాదు.

అపోహ: నాలుగు పిస్టన్లంటే నాలుగింతల బలం.

వాస్తవం: ఒక్క పిస్టన్ కాలిపర్ జారే రకం. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కుతుంటే కాలిపరే పక్కకి జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. నాలుగు పిస్టన్లది కదలకుండా బిగించి ఉంటుంది కాబట్టి లెక్కలోకి వచ్చేవి ఒక వైపున్న రెండే. బలం పిస్టన్ల వైశాల్యాన్ని బట్టి వస్తుంది. 40 మి.మీ. పిస్టన్లు రెండు కలిపితే సుమారు 2,513 చదరపు మి.మీ., 57 మి.మీ. పిస్టన్ ఒక్కటే 2,552. చూశారుగా, నాలుగున్నదే కాస్త తక్కువ!

అపోహ: పిస్టన్ ఎంత పెద్దదైతే అంత లాభం.

వాస్తవం: 54 మి.మీ. తీసి 60 వేస్తే వైశాల్యం 23 శాతం పెరుగుతుంది. దాన్ని కదపడానికి బ్రేక్ ఆయిల్ కూడా అంతే ఎక్కువ కావాలి, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే, కాబట్టి పెడల్ ఇంకా లోతుకి దిగుతుంది. సరే, మాస్టర్ సిలిండర్ కూడా పెద్దది పెడదామంటే పెడల్ గట్టిపడి, వచ్చిన లాభం అక్కడ పోతుంది. ఇంకోటి, ముందు మాత్రమే బలం పెంచితే ముందు టైర్ల పట్టు తొందరగా అయిపోతుంది, వెనక బ్రేకులు పని చేయాల్సినంత చేయవు, ఒక్కోసారి ఆగే దూరం పెరుగుతుంది కూడా. వెనక పెంచితే మరీ ప్రమాదం, వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు గిర్రున తిరుగుతుంది.

అపోహ: బోల్టులు పట్టాయంటే సరిపోయినట్టే.

వాస్తవం: నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఈ నమ్మకమే. ప్యాడ్ డిస్కు అంచు దాటి బయటికి వస్తే ఆ భాగం అరగక గట్టులా మిగిలిపోతుంది. 28 మి.మీ. డిస్కుకి చేసిన కాలిపర్‌లో 22 మి.మీ. డిస్కు పెడితే, ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ఉండాల్సిన దానికంటే బయటికి వచ్చేస్తుంది. ఆయిల్ తెచ్చే గొట్టం (హోస్) బోల్టు మరల మధ్య దూరం 1.0 మి.మీ.నా 1.25నా చూసుకోకుండా తిప్పేస్తే మర చెడిపోతుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, చక్రం గాల్లో వేలాడదీసి హోస్ లాగుతోందేమో చూడాలి. రిమ్ముకీ కాలిపర్‌కీ సందు తెలియాలంటే కాలిపర్ మీద మెత్తటి బంకమట్టి ముద్ద పెట్టి, చక్రం ఎక్కించి చేత్తో ఒక చుట్టు తిప్పి, మట్టి ఎంత మందాన మిగిలిందో కొలవండి. రిమ్ము లోపల అంటించిన బ్యాలెన్స్ బరువులు కూడా తగులుతుంటాయి. స్టెప్నీ పడుతుందో లేదో ఎవరూ చూడరు, పంక్చరైన రోజున తెలుస్తుంది.

ఒకాయన సొంతంగా కాలిపర్లు మార్చుకుని, బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి ఎన్నిసార్లు తీసినా పెడల్ స్పాంజిలా ఉందని వచ్చాడు. మాస్టర్ సిలిండర్ కూడా కొత్తది వేశాడట. వంగి చూస్తే గాలి తీసే నిపుల్ కింది వైపు ఉంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించాడు! గాలి పైకి చేరుతుంది, దారేమో కింద ఉంది. రెండూ అటూ ఇటూ మార్చి మళ్లీ గాలి తీస్తే పెడల్ రాయిలా నిలబడింది.

అపోహ: డిస్కుకి చిల్లులుంటే చల్లగా ఉంటుంది.

వాస్తవం: అందంగా ఉంటుంది. బాగా వేడెక్కితే ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి.

అపోహ: వేడికి పెడల్ మెత్తబడితే కాలిపర్ మార్చాల్సిందే.

వాస్తవం: చాలాసార్లు తప్పు బ్రేక్ ఆయిల్‌ది. అది గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తడి చేరాక అదే 155. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, మీరెంత తొక్కినా ఆ బుడగలే నలుగుతాయి. అందుకే కాలిపర్లు పట్టుకొచ్చిన వాళ్లని ముందు ఆయిల్ ఎప్పుడు మార్చారని అడుగుతాను. "అది కూడా మారుస్తారా అన్నా?" అని నన్నే అడుగుతారు.